మిషన్ రికార్డు చెప్పే టైమును నమ్మి పాల కేంద్రాల డబ్బు కోయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మన జిల్లా పల్లెల్లోని పాల శీతలీకరణ కేంద్రాల్లో సాయంత్రం పాలు విరిగిపోతున్నాయని, కరెంటు బిల్లు మిగుల్చుకోవడానికి కేంద్రాల వాళ్ళు రాత్రిపూట మెయిన్ ఆపేస్తున్నారని, మిషన్ రికార్డే అందుకు సాక్ష్యమని మీ చిత్తూరు జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. విలేకరిని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కేంద్రాల నుంచి పాలు కొనేవాళ్ళు చూపించిన కాగితం చూసి ఆయన రాశారు. తప్పు ఆ కాగితంలోనే ఉంది. ఆ మిషన్లలో కొన్నింటిని విప్పి, లోపం ఎక్కడుందో పట్టుకుని, సరిచేశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలుగుతున్నాను. ఆ మిషన్లను నడిపే కంట్రోలర్ పెట్టెలో ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే మూల ప్రోగ్రామ్, ఒకటి ఉంటుంది. దానిలో చిప్ లోపలి హార్డ్‌వేర్ టైమర్‌ను మొదలుపెట్టే డ్రైవర్ అనే చిన్న భాగం ఉంటుంది. లోపం ఆ డ్రైవర్‌లో ఉంది.

నేను బెంగళూరులో కొన్నేళ్ళు బోర్డు సపోర్ట్ పని చేశాను. కొత్త చిప్ వచ్చినప్పుడు దాని మీద లినక్స్ (ఈ కంట్రోలర్లలో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఇదే) కెర్నల్ సరిగ్గా లేచేలా డ్రైవర్లు సరిచూసే పని అది. అమ్మకు ఒంట్లో బాగాలేక చిత్తూరు వచ్చేశాక, కట్టమంచిలో ఒక గది అద్దెకు తీసుకుని మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ప్యానెళ్ళు, పాల కేంద్రాల కంట్రోలర్లు బాగుచేస్తున్నాను. పెనుమూరు, ఐరాల, తవణంపల్లె వైపు కేంద్రాల నుంచి బోర్డులు నా దగ్గరికే వస్తుంటాయి.

చాలామంది పాఠకులకు ఈ కేంద్రాలు ఎలా నడుస్తాయో తెలుసు. సాయంత్రం రైతులు పాలు తెచ్చి పోస్తారు. పితికిన పాలు 35 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. ట్యాంకులో పోసి, కంప్రెసర్‌తో చల్లబరిచి 4 డిగ్రీలకు తేవాలి. తెల్లారి ట్యాంకర్ వచ్చేదాకా అలాగే ఉంచాలి. లోపల ఒక మోటారు పాలను కలుపుతూ ఉంటుంది. అది ఆగితే వెన్న పైకి తేలుతుంది, అడుగున పాలు చల్లగా, పైన వెచ్చగా ఉంటాయి. ఇదంతా చూసుకునేది గోడకు బిగించిన చిన్న కంట్రోలర్ పెట్టె.

కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్రెసర్‌ను వెంటనే వేయకూడదు. లోపల గ్యాస్ ఒత్తిడి దిగకముందే వేస్తే మోటారు తిరగలేక వైండింగ్ కాలిపోతుంది. అందుకే కంట్రోలర్ లేచిన తరవాత 3 నిమిషాలు ఆగి అప్పుడు కంప్రెసర్ వేస్తుంది. మంచి ఏర్పాటే. పాలు విరిగింది ఈ 3 నిమిషాల దగ్గరే.

పెనుమూరు వైపు ఒక కేంద్రం నడిపే ఆమె ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలివాన తరవాత నాకు ఫోన్ చేసింది. "అక్కా, కరెంటొచ్చి అరగంట అయిపాయ. కంప్రెసర్ పట్టుకోలేదు. బోర్డు మీద చూస్తే ఇంగా ఒక నిమిషం ఉండాది అని చూపిస్తా ఉండాది. ఎంతసేపు చూసినా ఆ నిమిషం అయ్యేటట్టు లేదు" అంది. అంతకు ముందే ఆమె కంపెనీ వాళ్ళకు చెప్పింది. వాళ్ళ టెక్నీషియన్ వచ్చాడు, మెయిన్ ఆపాడు, కాసేపాగి మళ్ళీ వేశాడు, సరిగ్గా 3 నిమిషాలకు కంప్రెసర్ పట్టుకుంది. "మిషన్‌లో ఫాల్ట్ లేదు" అని కాగితం మీద రాసి, ఆమెతోనే సంతకం పెట్టించుకుని పోయాడు. ఆ సంతకమే తరవాత ఆమెకు అడ్డం తిరిగింది.

ఆ కేంద్రం రికార్డు ప్రింటు ఆమె నాకు చూపించింది. మీ వార్తలో చెప్పిన సాక్ష్యం కూడా ఇలాంటిదే. కరెంటు వచ్చింది సాయంత్రం 6.30కి. రికార్డులో కంప్రెసర్ ఆన్ అయిన టైము 6.33. పాలు 4 డిగ్రీలకు దిగిన టైము 6.44. తరవాత 7.13 దాకా అక్కడక్కడా వరసలున్నాయి. ఆ పైన ఏమీ లేదు, మళ్ళీ పొద్దున మెయిన్ వేసినప్పుడే కొత్త వరస. కాబట్టి రాత్రి ఏడుంబావుకు మెయిన్ ఆపేశారని కొనేవాళ్ళు తేల్చారు. పాలు కాచి చూస్తే విరిగాయి, రిజెక్ట్ చేశారు, ఆ డబ్బు కేంద్రం లెక్కలో కోసేశారు. కేంద్రం వాళ్ళు రైతులకు మాత్రం ఇవ్వక తప్పదు. పాలు పోసినవాళ్ళంతా ఇరుగుపొరుగు, బంధువులు. రాత్రంతా మిషన్ హోరు విన్నామని ఇంట్లోవాళ్ళు ఎంత చెప్పినా కంప్యూటర్ కాగితం ముందు ఆ మాట చెల్లలేదు.

ఆ ప్రింటులోనే నిజం కూడా ఉంది. వెయ్యి లీటర్ల ట్యాంకులో పాలు 35 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు పదకొండు నిమిషాల్లో దిగాయట! ఆ కంప్రెసర్‌కు ఆ పనికి దాదాపు మూడు గంటలు పడుతుంది. ఫ్రిజ్ రిపేరు చేసే కుర్రాడు చూసినా ఇది జరిగే పని కాదంటాడు. మూడు గంటలను పదహారుతో భాగిస్తే పదకొండు నిమిషాల చిల్లర వస్తుంది. 3 నిమిషాలను పదహారుతో హెచ్చిస్తే 48 వస్తుంది. అంటే కంప్రెసర్ నిజంగా పట్టుకున్నది 7.18కి. రాత్రి 7.13కి ఆగినట్టున్న రికార్డు నిజానికి తెల్లవారి ఆరు గంటల దాకా నడిచింది. ట్యాంకర్ వచ్చి పాలు తోడుకున్నాక ట్యాంకు కడగడానికి ఆమె మెయిన్ ఆపినప్పుడు ఆగింది. మిషన్ గడియారం పదహారు రెట్లు నెమ్మదిగా నడుస్తోంది. రాత్రంతా మేలుకుని మిషన్ నడిపిన మనిషిని రాత్రంతా ఆపేసిందని ఆ గడియారమే నిందించింది.

గడియారం ఎందుకు నెమ్మదించిందో కాస్త వివరంగా చెప్పాలి. ఇక్కడ తేలిగ్గా దాటేస్తే "కంప్యూటర్ తప్పు చేయదు" అనే మాటే మళ్ళీ గెలుస్తుంది.

ఇలాంటి కంట్రోలర్లో రెండు గడియారాలుంటాయి. ఒకటి బటన్ బ్యాటరీ మీద నడిచేది. దాని క్రిస్టల్ సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. కరెంటు లేకపోయినా టైము మరిచిపోదు. కెర్నల్ లేచేటప్పుడు దాన్ని ఒక్కసారి చదివి "ఇప్పుడు 6.30" అని తెలుసుకుంటుంది. అక్కడి నుంచి తన లెక్క తనే చూసుకుంటుంది. ఆ లెక్కకు ఆధారం రెండో గడియారం, అంటే చిప్ లోపలి హార్డ్‌వేర్ టైమర్. అందుకే కరెంటు వచ్చిన క్షణంలో టైము ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది. తేడా ఆ తరవాత పెరుగుతుంది. 

ఈ చిప్‌లో టైమర్‌కు వచ్చే క్రిస్టల్ 24 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు 2 కోట్ల 40 లక్షల స్పందనలు. టైమర్ ముందు ప్రీస్కేలర్ అనే భాగం ఒకటుంది. వచ్చే స్పందనలను రెండుతోనో నాలుగుతోనో పదహారుతోనో భాగించి లోపలికి పంపడం దాని పని. ఎంతతో భాగించాలన్నది ఒక రిజిస్టర్‌లో, అంటే చిప్‌లో అంకె దాచే చిన్న గడిలో, రాసి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన డ్రైవర్ ఆ రిజిస్టర్‌ను ముట్టుకోలేదు. చిప్‌కు కరెంటు ఇవ్వగానే అందులో సున్నా ఉంటుంది, సున్నా అంటే భాగహారం లేదు, కాబట్టి వేగం 24 మెగాహెర్ట్జ్ అనుకుని ఆ అంకెను నేరుగా కోడ్‌లో రాసేశారు. టైము చెప్పే లెక్క, ఫలానా సమయానికి లేపే అలారం రెండూ ఈ ఒక్క టైమర్ మీదే నడుస్తాయి. వేగం తప్పయితే రెండూ ఒకేలా తప్పుతాయి, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని పట్టుకోవడం కుదరదు.

కెర్నల్ కంటే ముందు లేచి, కెర్నల్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్ బూట్‌లోడర్. టెక్నీషియన్ చేసినట్టు మెయిన్ పూర్తిగా ఆపి వేసినప్పుడు అది టైమర్ జోలికి పోకుండా కెర్నల్‌ను లేపేస్తుంది. కానీ గాలివానకు లైన్లు ఊగి కరెంటు కన్నుమూసి తెరిచినంతసేపు పడిపోయి వచ్చినప్పుడు చిప్ దాన్ని వేరే రకం రీసెట్‌గా గుర్తిస్తుంది. అప్పుడు వోల్టేజీ నిలకడగా ఉందో లేదో చూడటానికి బూట్‌లోడర్ కాసేపు ఆగుతుంది. ఆగడానికి ఇదే టైమర్‌ను వాడుకుంటుంది. ప్రీస్కేలర్‌లో పదహారు పెడుతుంది, పని కాగానే దాన్ని అలాగే వదిలేసి కెర్నల్‌కు అప్పగిస్తుంది. సెకనుకు 2 కోట్ల 40 లక్షలు వస్తున్నాయనుకుని కెర్నల్ లెక్కపెడుతుంది. వస్తున్నవి 15 లక్షలే.

కంపెనీ బల్ల మీద ఈ లోపం ఎప్పటికీ కనిపించదు. అక్కడ కరెంటు రెప్పపాటు పోయి రాదు. మామిడి కాయ దిగే రోజుల్లో, సాయంత్రం పాల వేళకు, ఐరాల దాటిన ఏ పల్లెలోనైనా కనిపిస్తుంది.

పట్టుకున్న పద్ధతి కూడా చెబుతాను, ఈ పని చేసేవాళ్ళు ఎవరైనా చదివితే పనికొస్తుంది. బోర్డును బల్ల మీద పెట్టి, సీరియల్ కేబుల్ లాప్‌టాప్‌కు కలిపి, వేరియాక్, అంటే నాబ్ తిప్పి వోల్టేజీని పెంచి తగ్గించే పెట్టె, ద్వారా కరెంటు ఇచ్చాను. నాబ్‌ను 230 నుంచి చటుక్కున కిందికి తిప్పి మళ్ళీ పైకి తెస్తే గాలివాన నాటి రీసెట్ బల్ల మీదే వస్తుంది. కెర్నల్ లేచేటప్పుడు వరసగా రాసే వివరాలను బూట్ లాగ్ అంటారు. మెయిన్ ఆపి వేసినప్పటి బూట్ లాగ్, నాబ్ తిప్పినప్పటి బూట్ లాగ్ పక్కపక్కన పెట్టాను. మొదటి చూపుకు రెండూ ఒకటే. అవే వరసలు, ఎర్రర్ ఒక్కటీ లేదు. అయితే లినక్స్ లేచేటప్పుడు బోగోమిప్స్ అనే అంకె ఒకటి చూపిస్తుంది. టైమర్ కొట్టే ఒక్క టిక్ వ్యవధిలో ప్రాసెసర్ ఎన్నిసార్లు ఖాళీ లూప్ తిరగగలదో లెక్కగట్టి వేసే అంకె అది. రెండో లాగ్‌లో ఆ అంకె మొదటిదానికి పదహారు రెట్లుంది. ప్రాసెసర్ పదహారు రెట్లు వేగంగా మారలేదు కదా, టిక్ పదహారు రెట్లు సాగింది. లాగ్‌లో ఎడమ పక్కన ఉండే సమయాలు కూడా అదే చెప్పాయి. నా ఫోన్ స్టాప్‌వాచ్‌లో ఇరవై సెకన్లు పట్టిన బూట్‌కు కెర్నల్ తన లెక్కలో సెకను పైన కొంచెం అని రాసుకుంది.

ఇంటర్నెట్ ఉంటే టైము దానంతటదే సరిపడదా అని కొందరు అడిగారు. ఈ కేంద్రాల్లో నెట్ లేదు, రికార్డును వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోతారు. ఉన్నా లాభం లేదు. నెట్ ద్వారా గడియారం వేగాన్ని లినక్స్ సరిదిద్దుకునే హద్దు పది లక్షలకు 500 భాగాలు, అంటే రోజుకు 43 సెకన్లు. ముల్లును పట్టుకుని ముందుకు జరపవచ్చు గాని, పదహారు రెట్ల తేడాతో నడిచే గడియారం వేగం అలా దారికి రాదు.

లోపం దొరికాక సరిచేయడం చిన్న పని. పాల కేంద్రంలో క్యాను తూచే ముందు కాటా సున్నా చూపిస్తోందో లేదో చూసుకుంటారు, ముందు తూచినవాడు సున్నా మీదే వదిలి ఉంటాడని ఎవరూ అనుకోరు. డ్రైవర్ కూడా అంతే చేయాలి. ముందు టైమర్‌ను ఆపాలి. బూట్‌లోడర్ వదిలేసిన పాత ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇటు చూడమని టైమర్ ప్రాసెసర్‌ను పిలిచే పిలుపు) గుర్తు ఏదైనా నిలిచి ఉంటే తుడిచేయాలి. ప్రీస్కేలర్‌లో తనకు కావలసిన అంకెను తనే రాయాలి. క్రిస్టల్ వేగాన్ని కోడ్‌లో రాసిపెట్టుకోకుండా, కెర్నల్‌లో క్లాకుల లెక్క చూసే భాగాన్ని అడిగి తెలుసుకోవాలి. ఆ అంకె రాకపోతే ఊహించుకుని ముందుకు పోకుండా ఎర్రర్ చెప్పి ఆగాలి. ఇవన్నీ అయ్యాక లెక్కించే రిజిస్టర్ నింపి, ఇంటరప్ట్ వస్తే ఎవరికి చెప్పాలో కెర్నల్‌కు నమోదు చేసి, ఆఖరున టైమర్‌ను వదలాలి.

ఈ వరస తప్పకూడదు. పాత ఇంటరప్ట్ గుర్తు తుడవకపోవడం వల్ల ఈ మిషన్లలో ఒక దొంగ టిక్ ముందుగా వచ్చేది, అంతకు మించి నష్టం కాలేదు. కెర్నల్ లేచే మొదటి దశలో ప్రాసెసర్ ఇంటరప్ట్‌లకు తలుపు మూసి ఉంచుతుంది కాబట్టి సరిపోయింది. అదే డ్రైవర్ కాస్త ఆలస్యంగా, తలుపు తెరిచాక మొదలైతే, ఎవరికి చెప్పాలో ఇంకా రాయని చోటికి ఇంటరప్ట్ వచ్చి పడి మిషన్ మొత్తం నిలిచిపోతుంది. కాబట్టి పాలు విరగ్గొట్టింది ఇది కాకపోయినా దీన్నీ సరిచేశాను.

సరిచేసిన కెర్నల్ వేసి వేరియాక్ నాబ్‌ను మళ్ళీ మళ్ళీ తిప్పాను. ఎలా తిప్పినా బోగోమిప్స్ అంకె మారలేదు, 3 నిమిషాలు 3 నిమిషాలుగానే ఉన్నాయి. పెనుమూరు కేంద్రంలో ఆ బోర్డే ఇప్పుడు నడుస్తోంది. ఆ తరవాత గాలివానలు వచ్చాయి, కరెంటు పోయింది, వచ్చింది, పాలు విరగలేదు.

ఇంత చిన్న పనికి ఒక వేసవంతా ఎందుకు పట్టిందన్న దగ్గరే నాకు కోపం. లోపం ఎక్కడుందో బూట్ లాగ్‌లు చూసిన రోజే అర్థమైంది. సరిచేయడానికి సోర్స్ కోడ్, అంటే మనిషి చదివి మార్చగలిగే ప్రోగ్రామ్ రాత, నా చేతిలో లేదు. కంట్రోలర్ అమ్మిన కంపెనీని అడిగితే అది మా వ్యాపార రహస్యం అన్నారు. కాదు. లినక్స్ కెర్నల్ 1992 నుంచి జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంది, ఇప్పటికీ దాని రెండో వెర్షన్ కింద నడుస్తోంది. ఆ కెర్నల్‌ను మిషన్‌లో పెట్టి అమ్మేవాళ్ళు దానితో పాటే సోర్స్ కోడ్ ఇవ్వాలి. అలా ఇవ్వకపోతే, కనీసం మూడేళ్ళ పాటు ఎవరు అడిగినా ఇస్తామని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. సోర్స్ అంటే కోడ్ ఒక్కటే కాదని, దాన్ని కంపైల్ చేసి మిషన్‌లో ఎక్కించడానికి వాడే స్క్రిప్టులు కూడా అందులో భాగమేనని లైసెన్సులో స్పష్టంగా ఉంది. ఈ బూట్‌లోడర్‌దీ ఇదే కుటుంబం లైసెన్సు. వేలమంది రాసి ఊరికే ఇచ్చిన పనిని తీసుకుని డబ్బా కట్టి అమ్ముకుంటున్నప్పుడు ఆ ఒక్క షరతు పాటించడం బరువు కాకూడదు.

అడగ్గా అడగ్గా, లైసెన్సు వాక్యాలు ఎత్తి రాయగా, చివరికి ఒక ఫైలు పంపారు. అప్పటికి మామిడి సీజన్ అయిపోయింది. ఈ మధ్యలో రిజెక్ట్ అయిన పాలన్నీ కేంద్రాల నెత్తిన పడ్డాయి. సరిచేసిన లైన్లు నేను కంపెనీకి తిరిగి పంపాను, డబ్బు అడగలేదు. వాళ్ళు అమ్మిన మిగతా మిషన్లలో అవి ఎక్కించారో లేదో ఇంతవరకు జవాబు లేదు.

పెద్ద చిప్‌లకూ ఈ తలనొప్పి ఉంది కాబట్టి చిన్న కంపెనీని ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. ఫోన్లలో ఎక్కువగా ఉండే ఆర్మ్ రకం చిప్‌లలో టైమర్ వేగం ఎంతో రాసిపెట్టే ఒక రిజిస్టర్ ఉంటుంది, దాన్ని నింపాల్సింది కెర్నల్ కంటే ముందు నడిచే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రామ్. అది సరిగ్గా నింపని బోర్డులు ఉండబట్టే వేగాన్ని పక్కదారిలో చెప్పే వీలు లినక్స్‌లో పెట్టారు. తప్పనిసరి అయితేనే ఆ దారి వాడమని, ఫర్మ్‌వేర్‌నే సరిచేయమని డాక్యుమెంటేషన్‌లో రాశారు. తేడా ఏమిటంటే అక్కడ కోడ్ అందరి ముందు ఉంటుంది, ఒకరు వదిలేసింది ఇంకొకరు పట్టుకుంటారు.

కెర్నల్ రాసేవాళ్ళు ఇలాంటి వాటిని ముందే బయటికి లాగడానికి ఏం చేస్తారో ఒక ఉదాహరణ చెప్పాలి. కెర్నల్ తన టిక్‌లను లెక్కపెట్టే అంకె 32 బిట్లదైతే, సెకనుకు 100 టిక్‌ల చొప్పున 497 రోజులకు నిండి మళ్ళీ సున్నాకు వస్తుంది. ఆ మలుపు దగ్గర తడబడే డ్రైవర్ ఉంటే ఆ లోపం ఏడాదికి పైగా ఎవరికీ తెలియదు. అందుకని లినక్స్‌లో ఆ లెక్కను సున్నా నుంచి మొదలుపెట్టరు. నిండిపోవడానికి సరిగ్గా 300 సెకన్ల ముందు అంకె నుంచి మొదలుపెడతారు. మిషన్ లేచిన అయిదు నిమిషాలకే ఆ మలుపు వచ్చేస్తుంది, డ్రైవర్‌లో లోపముంటే రాసినవాడి బల్ల మీదే బయటపడుతుంది. నాకు కెర్నల్ మీద గౌరవం కలిగించిన వాటిలో ఇది మొదటిది. పాల మిషన్లు కొనేవాళ్ళు కూడా ఇలాగే ఆలోచించాలి.

కొనేముందు ఒక పరీక్ష పెట్టండి. కంట్రోలర్‌కు కరెంటును రెప్పపాటు తీసి ఇవ్వండి, పక్కన ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి, కంప్రెసర్ ఎన్ని నిమిషాలకు పట్టుకుందో చూడండి. తరవాత పది నిమిషాలు ఆగి రెండు గడియారాలూ కలుస్తున్నాయో లేదో చూడండి. ఇందుకు ఇంజనీరు అక్కర్లేదు. కొనుగోలు ఒప్పందంలో కెర్నల్, బూట్‌లోడర్ సోర్స్ కోడ్, ఎక్కించే పద్ధతితో సహా అప్పగించాలని ఒక వాక్యం చేర్చండి. సహకార సంఘాల డబ్బుతోనో, సర్కారు సబ్సిడీతోనో కొనే మిషన్లకైతే ఇది తప్పనిసరి చేయాలని కలెక్టర్ గారిని, పశుసంవర్ధక శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

కాలేజీల గురించి ఒక మాట. తిరుపతి, చిత్తూరు చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది. గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్‌తో ఆకాశాన్ని చదివే జాతీయ ప్రయోగశాల ఉంది. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. సమయాన్ని మైక్రోసెకన్లలో చూసే మనుషులు ఇంత దగ్గర ఉండగా, ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ఫస్ట్ క్లాస్ తెచ్చుకుని నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు టైమర్ రిజిస్టర్‌ను ఒక్కసారీ కళ్ళతో చూసి ఉండరు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మూడో రకంలో ఆ టైమర్ 19.2 మెగాహెర్ట్జ్, నాలుగో రకంలో 54 మెగాహెర్ట్జ్. ఒకే ప్రోగ్రామ్‌లో వేగాన్ని అంకెగా రాసి రెండు బోర్డుల మీదా నడిపించమంటే చాలు, ఒక్క ల్యాబ్ పీరియడ్‌లో వాళ్ళకు ఈ ఉత్తరమంతా అర్థమవుతుంది. బోర్డులు కొనలేని కాలేజీ ఉంటే నా దగ్గరున్నవి ఇస్తాను, నేనే వచ్చి చూపిస్తాను.

ఇక పాలు కొనేవాళ్ళకు నా విన్నపం. ఈ రకం కంట్రోలర్లున్న కేంద్రాల పాత రికార్డులు బయటికి తీయండి. పాలు 35 నుంచి 4 డిగ్రీలకు అరగంట లోపు దిగినట్టు చూపించే రాత్రులన్నీ వేరు చేయండి. అవి ట్యాంకు చేయలేని పనులు, కాబట్టి ఆ రాత్రుల్లో గడియారం తప్పు నడిచింది. ఆ రాత్రులకు వేసిన కోతలు వెనక్కి ఇవ్వండి. మెయిన్ ఆపేశారన్న మాట కేంద్రాల ఫైళ్ళలో రాసి ఉంటే కొట్టేయండి. పెనుమూరు కేంద్రం నడిపే ఆమె భర్త లేకుండా ఇద్దరు పిల్లలను చదివించుకుంటోంది. పాలలో నీళ్ళు కలిపిందన్న మాట కూడా ఇంతవరకు పడని మనిషి. మిషన్ ఆపేసి పాలు పాడుచేసిందని ఊళ్ళో పేరు పడ్డాక ఆమె దగ్గర పాలు పోయడం మానేసినవాళ్ళు ఉన్నారు. మీ పత్రికలో ఆ వార్త ఎంత చోటులో వచ్చిందో, అంత చోటులో ఈ వివరం కూడా వేయమని కోరుతున్నాను.

రికార్డు ప్రింటు, రెండు బూట్ లాగ్‌లు, డ్రైవర్‌లో మార్చిన లైన్లు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. విలేకరి గారు వస్తే వేరియాక్ మీద లోపాన్ని కళ్ళెదుటే తెప్పించి చూపిస్తాను. మార్చని పాత బోర్డు ఒకటి అందుకోసమే ఉంచాను.

ఇట్లు,
ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు,
కట్టమంచి, చిత్తూరు

(పేరు ప్రచురించవద్దని మనవి)